మెట్లు దిగేటప్పుడు

మందు పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
జనవరి 9

వదినకి,

ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది. నీకు మాత్రం "హలో" తప్ప ఒక్క ముక్కా వినపడలేదు. పక్క గదిలో వాళ్ళు నేనెవరితోనో పోట్లాడుతున్నాననుకుని తలుపు తట్టారు. అందుకే ఇక ఉత్తరాలే మనకి గతి. ఇరవై రెండేళ్ళు మగ్గాల హోరులో నిలబడి చెవులూ మోకాళ్ళూ మిల్లుకే ఇచ్చేసి వచ్చావు. చెవులకి నేను చేయగలిగింది లేదు. మోకాళ్ళ విషయం మాత్రం శ్రద్ధగా చదువు.

మా ఆఫీసు ఒక కొత్త మందుని పరీక్షిస్తోంది. మోకీలు అరిగిపోయిన వాళ్ళకి కీలులోకి ఒకే ఒక్క ఇంజెక్షన్. ఆ తర్వాత ఏడాది పాటు రెండు నెలలకోసారి నొప్పి ఎలా ఉందో అడిగి ఫారం నింపుకుంటారు. మొత్తం పదకొండు వందల మంది. మీ ఊరి పెద్దాసుపత్రిలో కూడా చేర్చుకుంటున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది వెళ్ళిందో వేయించుకున్నవాళ్ళకీ తెలియదు, వేసిన డాక్టరుకీ తెలియదు, ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే నాకూ తెలియదు. తెలిస్తే మనసు ఏదో ఒక వైపు మొగ్గుతుందని అలా పెట్టారు.

ఆపరేషన్ సంగతి అడుగుతావని తెలుసు. కీలు మార్చే ఆపరేషన్ జాబితాలో నీ పేరు అలాగే ఉంటుంది. ఏడాదిలో నొప్పి సగానికి తగ్గిందని ఫారాల్లో తేలితే పేరు తీసేస్తారు, అప్పుడిక ఆపరేషన్ అవసరమే ఉండదు కాబట్టి. తగ్గకపోతే ముందు వరసలోకి పిలుస్తారు. ఎటు చూసినా నీకు లాభమే. వెళ్ళి చేరు వదినా. నా మాట కాదనకు.

నీ పొట్టి


నాలుగో అంతస్తు, వంటగది కిటికీ పక్కన
ఫిబ్రవరి 21

పొట్టీ,

నాకన్నా జానెడు ఎత్తు పెరిగావు, అయినా నాకు పొట్టివే. నీ మాట మీద చేరాను. మీ అన్నయ్య చేయి పట్టుకుని అరవై ఎనిమిది మెట్లూ దిగడానికి అరగంట పట్టింది. ఊళ్ళో వాళ్ళందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి లిఫ్టు లేని ఇంట్లో నాలుగో అంతస్తులో పెళ్ళాన్ని పెట్టాడని కింద వాళ్ళు ఎప్పటిలాగే నవ్వారు. ఆయనా నవ్వాడు.

డాక్టరు బంగారంలాంటి మనిషి. నేను చెవిటిదాన్నని తెలిసి ప్రతి మాటా కాగితం మీద రాసి చూపించాడు. నొప్పి ఎలా ఉందమ్మా అంటే, అలవాటు కొద్దీ, ఫర్వాలేదండీ అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, అలా అంటే మిమ్మల్ని చేర్చుకోవడం కుదరదు, బాగా నొప్పి ఉన్నవాళ్ళనే తీసుకోవాలి, సరిగ్గా చెప్పండి అన్నాడు. చేరకపోతే నువ్వు ఊరుకోవు కదా. ఎక్కువే అని చెప్పాను. ఆ మాట అంటుంటే ఎవరినో అడుక్కుంటున్నట్టు తల కొట్టేసినట్టయింది.

సూది లావుగానే ఉంది. నా నంబరు నాలుగు వందల పదిహేడు. ఇకమీదట నేను ఆసుపత్రికి వెళ్ళక్కర్లేదు, నర్సమ్మ ఫారం పట్టుకుని ఇంటికే వస్తుంది. ఏడాదిలో రిటైరవబోయే మనిషి. నిన్న ఇల్లు చూసుకోవడానికని నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చి ఆయాసంతో గుమ్మంలో కూర్చుండిపోయింది. మందు నీకు వేయాల్సిందమ్మా అన్నాను. నాకూ అరిగాయి, నన్నెవరూ అడగరు అని నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

మిల్లు వాళ్ళు సరిచేయాల్సిన బట్ట మళ్ళీ పంపుతున్నారు. తప్పిన దారాలు వెతికి సూదితో కలుపుతూ కూర్చుంటే పొద్దు తెలియడం లేదు. వేళకి తిను.

నీ వదిన


మందు పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 14

వదినా,

ఒక తప్పు పని చేశాను, అయినా ఒళ్ళంతా సంతోషంగా ఉంది. నీ నంబరు నాకు తెలియకూడదు. నువ్వు రాసేశావు. నిన్న ఫారాలు ఎక్కిస్తుంటే నాలుగు వందల పదిహేడు ఎదురుపడింది. కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. మెట్లు దిగేటప్పుడు నొప్పి: అస్సలు లేదు. మెట్లు ఎక్కేటప్పుడు: అస్సలు లేదు. నిలబడినప్పుడు: ఫర్వాలేదు. పడుకున్నప్పుడు: ఫర్వాలేదు. నేను లేచి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. అరగంట పట్టిన మెట్లు వదినా!

నీకే కాదు, చాలామందికి తగ్గుతోంది. ఎవరిది మందో ఎవరిది ఉప్పునీళ్ళో ఇంకా విప్పలేదు కానీ, ఇంతమందికి తగ్గడం ఎప్పుడూ చూడలేదని మా పెద్ద డాక్టరు గారు పొంగిపోతున్నారు. మొన్న అందరి ముందూ నన్ను పేరు పెట్టి పిలిచి మెచ్చుకున్నారు. ఎందుకో చెప్పనా? ఫారం తెలుగులో రాసింది నేనే. ముందు ఎవరో రాసిన ఫారంలో స్వల్పము, మధ్యస్థము, తీవ్రము అని ఉండేది. జనానికి అర్థమయ్యే మాటలు కావాలన్నారు. నేను అస్సలు లేదు, ఫర్వాలేదు, మోస్తరు, ఎక్కువ, భరించలేనంత అని ఐదు మాటలు పెట్టాను. కింద నా సంతకం ఉంటుంది, ఈ తెలుగు సరైనదేనని. వచ్చే నెల వేరే పరీక్షకి కూడా నన్నే రాయమంటున్నారు.

నువ్విక మెట్లు దిగుతున్నావు కాబట్టి బస్సెక్కి రా. రెండున్నర గంటల ప్రయాణం. నా గది కింది అంతస్తులోనే ఉంది. నిన్ను కూర్చోబెట్టి నేను వండి పెడతాను, తినగలిగితే తిను.

నీ పొట్టి


నాలుగో అంతస్తు, వంటగది కిటికీ పక్కన
జూలై 2

పొట్టీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. పెద్ద డాక్టరు మెచ్చుకున్నారని మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, మా పిల్ల అని పని చేసే చోట అందరికీ చెప్పుకొచ్చాడట. నువ్వు మూడో తరగతిలో పలక పగలగొట్టుకుని వచ్చి నా కొంగు వెనక దాక్కున్న రోజు గుర్తొచ్చింది.

రావాలనే ఉంది. కానీ ఈ నెల మిల్లు బట్ట బాగా వచ్చి పడింది, వదిలేసి వస్తే ఇంకెవరికో ఇచ్చేస్తారు. పై నెల వానలు. పైగా మీ అన్నయ్యకి నడుం పట్టేసింది. చూద్దాంలే. నీ వంట తినకుండా తప్పించుకుంటున్నాననుకున్నా సరే.

ఇక్కడ అంతా బాగానే ఉంది. కూరగాయలతను కింద నిలబడితే నేను తాడుతో బుట్ట వదులుతాను, అతను వేసి పంపుతాడు. పుచ్చులు వేసినా తిరిగి పంపడానికి బుట్ట ఉంది. రెండో అంతస్తు వాళ్ళమ్మాయి పెళ్ళి కిందే షామియానా వేసి చేశారు. నేను కిటికీలోంచి చూశాను. పెళ్ళికూతురు బొట్టు ఎలా పెట్టుకుందో తెలియదు కానీ పాపిడి మాత్రం తిన్నగా తీసుకుంది. ఈ మధ్య వీధిలో మనుషుల్ని నడినెత్తులు చూసి గుర్తుపడుతున్నాను. పోస్టుమాస్టరుకి వెనక నుంచి బట్టతల మొదలైంది, పాపం ఆయనకింకా తెలిసినట్టు లేదు.

నర్సమ్మ పది రోజుల కిందట వచ్చి వెళ్ళింది. ఫర్వాలేదు అని చెప్పాను. నువ్వు బెంగ పెట్టుకోకు.

నీ వదిన


మందు పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
అక్టోబరు 5

వదినా,

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నువ్వు చివరిసారి కిందికి దిగింది ఎప్పుడు?

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. నిన్న మా ఊరి ఆసుపత్రికి ఫారాలు తేవడానికి వెళ్ళాను. వరండాలో ఒకావిడ బల్ల మీద కూర్చుని మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. ఫారం నింపే అతను వచ్చి నొప్పి ఎలా ఉందమ్మా అని అడిగాడు. ఆవిడ చప్పున కళ్ళు తుడుచుకుని, "ఫర్వాలేదు బాబూ" అంది. అతను రెండో గడిలో టిక్కు పెట్టాడు. ఆవిడ అన్న మాటే ఆ గడిలో అచ్చు వేసి ఉంది కదా, ఇంకేం అడుగుతాడు?

రెండో గడి అంటే కొద్దిపాటి నొప్పి. కొద్దిపాటి అన్న చోట ఫర్వాలేదు అని రాసింది నేను. కాలు విరిగినా, కడుపు మాడినా, మొగుడు తిట్టినా మనవాళ్ళు అనే మాట అదే కదా వదినా. నొప్పి లేదని కాదు, నా గురించి మీరు కష్టపడకండి అని. అది నాకు తెలియదా? నీ చేతుల్లో పెరిగినదాన్ని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చేర్చుకునే రోజున డాక్టర్లు గుచ్చి గుచ్చి అడిగి ఎక్కువ అనిపించారు. చేరిన తర్వాత ఎవరూ గుచ్చి అడగలేదు. కాగితం మీద దాదాపు పదకొండు వందల మందికీ నొప్పి తగ్గింది. మందు పడ్డవాళ్ళకీ తగ్గింది, ఉప్పునీళ్ళు పడ్డవాళ్ళకీ తగ్గింది.

రాత్రంతా నీ జూలై ఉత్తరం తీసి చదివాను. తాడు, బుట్ట, కిటికీ. నాకు భయం వేస్తోంది. జవాబు రాయి.

పొట్టి


నాలుగో అంతస్తు
అక్టోబరు 11

పొట్టీ,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఏప్రిల్ మూడో తేదీ తర్వాత నేను దిగలేదు. అరవై ఎనిమిది మెట్లలో ఇరవై దిగేసరికి కుడి మోకాలు స్వాధీనం తప్పింది. మీ అన్నయ్య మోసుకుని పైకి తెచ్చాడు, ఆయన నడుం పట్టేసింది అందుకే. ఆయన ఎవరికీ చెప్పనని నాకు మాట ఇచ్చాడు. ఆయన్ని ఏమీ అనకు.

నేను అబద్ధం చెప్పలేదు. నర్సమ్మ, మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉందా అని అడిగింది. లేదు అన్నాను. దిగితే కదా ఉండటానికి! ఎక్కేటప్పుడు ఉందా అంది. లేదు అన్నాను. దిగనిదాన్ని ఎక్కుతానా? మెట్లు దిగగలుగుతున్నావా అని మీ కాగితంలో ఎక్కడా లేదు. నువ్వు రాసిన కాగితమే కదా, వెతికి చూసుకో.

కోపంగా రాశాను. కొట్టేయడం లేదు, ఉండనీ.

ఎందుకు దాచానని అడుగుతావు. మొదట్లో రెండు వారాలు నిజంగానే హాయిగా ఉంది. తర్వాత మళ్ళీ మొదలైంది, ముందుకన్నా ఎక్కువగా. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది, చాలామందికి తగ్గిందని. అందరికీ తగ్గి నాకు తగ్గలేదంటే లోపం నాదే అనుకున్నాను. నన్ను చేర్చింది నువ్వు, అంత మంచిగా చూసింది డాక్టరు, అరవై ఎనిమిది మెట్లూ ఎక్కి వస్తోంది నర్సమ్మ. ఇంతమందిని పెట్టుకుని నాకేం తగ్గలేదు అని ఎలా అనను? నీకు పేరొస్తున్న చోట నేను అడ్డం పడతానా?

మొన్న పక్క వీధిలో ఏదో అంటుకుని పొగ వచ్చింది. జనం అందరూ కిందికి పరుగెత్తారు. నేను తలుపు దాకా వెళ్ళి మొదటి మెట్టు చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపట్లో నాకు అర్థమైంది, నిజంగా మంట వస్తే ఈ ఇంట్లోనే పోతానని. పొగ తగ్గాక మీ అన్నయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఏం జరిగిందీ అని అమాయకంగా అడిగాను.

ఇంకో కాగితం ఈ ఉత్తరంలో పెడుతున్నాను. ఆసుపత్రి వాళ్ళు పంపారు. నొప్పి సగానికి పైగా తగ్గినందుకు సంతోషిస్తూ నా పేరు ఆపరేషన్ జాబితా నుంచి పక్కన పెట్టారట. ఏడాది చివరి ఫారం కూడా అలాగే ఉంటే పూర్తిగా కొట్టేస్తారట. మళ్ళీ చేరాలంటే చివరి వరస, ఆరేళ్ళు. ఆరేళ్ళు ఈ రెండు గదుల్లో ఉండలేను పొట్టీ. నాకు ఇల్లు మీద పడుతోంది.

వదిన


పాత ఫారాల గది, నేలమాళిగ
జనవరి 18

వదినా,

పై చిరునామా చూసి కంగారుపడకు. నన్ను ఇక్కడికి మార్చారు. నీకు చెప్పడానికి ఒక దారైనా దొరకాలని మూడు నెలలు జవాబు రాయకుండా ఆగాను.

నీ ఉత్తరం అందిన రోజే పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. నీ నంబరు చూసిన తప్పు కూడా చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా కసరలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. కిటికీ వైపు తిరిగారు. తర్వాత అన్నారు, వచ్చిన ఫారాలకి తాళం పడిపోయింది, ఎవరూ ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. మార్చడానికి వీలుంటే రేపు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మారుస్తారు. అది నిజమే వదినా, ఆ నియమం మంచిదే. ఇప్పుడు దాని లోపల మనం ఇరుక్కున్నాం. నేను విచారణ సంఘానికి రాసిచ్చాను. వాళ్ళు ఏప్రిల్లో కూర్చుంటారు. అప్పటిదాకా నేను ఫారాలు ముట్టుకోకూడదని ఈ గదిలో వేశారు. కిటికీ లేదు. నాతో టీకి వచ్చేవాళ్ళు ఇప్పుడు మెట్ల మీద ఎదురైతే గోడ వైపు జరుగుతున్నారు. మూడేళ్ళ వాళ్ళ కష్టం నా ఒక్క మాట వల్ల బుగ్గిపాలయ్యేలా ఉంది మరి.

నీ సంగతికి వస్తాను. ఏడాది ఫారం వచ్చే నెల. అందులో మెట్లు దిగడం, ఎక్కడం అన్న రెండు ప్రశ్నలకే బరువు ఎక్కువ. ఈ ఫారానికి మాత్రం కొత్తగా, గడిచిన రెండు రోజుల్లో దిగనివాళ్ళకి ఆ గడిలో అడ్డగీత పెట్టాలని రాశారు. అడ్డగీత అంటే లెక్కలో సున్నా. అంటే నొప్పి లేనట్టే. దిగలేనిదానివి కాబట్టి నీకు నొప్పి లేదు! ఈ నియమం రాసిన మహానుభావుడు ఎవరో, ఆయన మోకాళ్ళు చల్లగా ఉండాలి.

ఒక్క దారి ఉంది. ఈ ఉత్తరంలో ఒక కాగితం పెట్టాను. ఇంతకు ముందు నేను తప్పుడు సమాధానాలు ఇచ్చాను అని నువ్వు సంతకం పెడితే నీ ఫారాలన్నీ పరీక్షలోంచి తీసేస్తారు, నీ పేరు జాబితాలో పాత చోటికి వస్తుంది. నువ్వు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. ఇలాంటి కాగితం నీ చేతికి ఇవ్వడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా పెట్టు వదినా. నిన్ను ఆ ఇంట్లోంచి బయటికి తేవడానికి నాకు ఇంకేమీ దొరకలేదు. ఆ మెట్ల జోలికి మాత్రం వెళ్ళకు, నా మీద ఒట్టు.

పొట్టి


మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన
ఫిబ్రవరి 19

పొట్టీ,

నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నువ్వు చిన్నప్పుడు నా మీద ఎన్ని వేసి తప్పావో లెక్క లేదు.

ఆ కాగితం చదివాను. సంతకం పెట్టలేదు. నేను పెడితే నా ఒక్కదాని ఫారాలు తీసేస్తారు, తప్పు నాదవుతుంది, మిగిలిన వాళ్ళ ఫారాలు నిజాలైపోతాయి. ఫారంలో నువ్వు పెట్టిన మాట కూడా సరైనదే అయిపోతుంది, చెవిటి ముసలమ్మ ఒకతి అబద్ధమాడిందని తేలుతుంది. బట్టలో ఒక దారం తప్పితే ఆ ఒక్క చోట కత్తిరించి పారేస్తే బట్ట బాగుపడదు.

నిన్న పొద్దున పదింటికి నర్సమ్మ వచ్చింది. ఫారం తీయబోతుంటే ఆపి, ముందు కిందికి దిగుదాం, తర్వాత అడుగు అన్నాను. దిగకపోతే అడ్డగీత, అడ్డగీతకి సున్నా అని నీ ఉత్తరం చూపించిన తర్వాత గానీ ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపుకి అడ్డం నిలబడింది. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను, నన్ను ఇందులోకి లాగకు తల్లీ అంది. అప్పుడు ఆవిడతో ఒకటే మాట అన్నాను. "ఏడాదిగా నువ్వు నా నొప్పిని రాసుకుపోతున్నావు. ఒక్కసారి చూసి రాయి."

ఆవిడ పక్కకి జరిగింది. నాకన్నా ఒక మెట్టు కింద నడిచింది, నేను పడితే తన మీద పడాలని. మూడో అంతస్తు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే దిగాను. అక్కడి నుంచి కుదరలేదు, కూర్చుని ఒక్కొక్క మెట్టూ జరిగాను. మోకాలు లోపల ఏదో ఎముకకి ఎముక రాసుకుని ఒళ్ళంతా చెమట పట్టింది. రెండో అంతస్తు మలుపులో కళ్ళు తిరిగాయి. నర్సమ్మ తన నీళ్ళ సీసా ఇచ్చి తనూ పక్కన కూలబడింది, ఆవిడ మోకాళ్ళూ అంతంతమాత్రమే కదా. ఇద్దరం ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చుని ఏడ్చాం. ఇంత నొప్పి ఉందని ఒక్కనాడైనా చెప్పలేదేం అంది. నువ్వు ఆయాసపడుతూ వచ్చి అడిగేదానివి, చెప్పబుద్ధి కాలేదు అన్నాను.

రెండు గంటలు పట్టింది. కింద మెట్టు మీద కూర్చున్నాక ఆవిడ ఫారం తీసింది. మెట్లు దిగేటప్పుడు నొప్పి? నోటి దాకా ఫర్వాలేదే వచ్చింది, మింగేశాను. భరించలేనంత అన్నాను. ఆ మాట నా జీవితంలో నా గురించి నేను ఎప్పుడూ అనలేదు, పిల్లాడు పురిట్లోనే పోయినప్పుడు కూడా అనలేదు. ఆవిడ సరిగ్గా విన్నానా అన్నట్టు చూసింది. చెవిటిదాన్ని, నా గొంతు ఎంత పైకి లేచిందో నాకు తెలియదు. "భరించలేనంత!" అన్నాను మళ్ళీ. పైన తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. అందరూ కమ్మీల మీదుగా నన్ను చూశారు. నాకు సిగ్గు వేయలేదు. నర్సమ్మ ఐదో గడిలో టిక్కు పెట్టింది. పక్కన ఖాళీలో, మెట్లు దిగుతుండగా నేను స్వయంగా చూశాను అని రాసి సంతకం చేసింది.

అది అడ్డగీత కాదు, కొట్టేయడానికి వీల్లేదట. నా పేరు జాబితాలో ఉంటుంది. పిలుపు రావడానికి ఎనిమిది నెలలు పట్టొచ్చని కూడా చెప్పింది.

ఇక ఎక్కలేను. ఎక్కడం గురించి అడిగితే, ఎక్కాక చెప్తాను, రాసుకో అన్నాను. మీ అన్నయ్య సాయంత్రం వచ్చి నన్ను కింద చూసి, తన పనిముట్ల సంచీ నా పక్కన పెట్టి పైకెళ్ళాడు. మెట్ల కింద మీటర్ల పక్కన మంచం పట్టే చోటు ఉంది. పరుపూ, సూదీ దారాలూ దింపాడు. పైన రెండు గదులు, ఇక్కడ ఒక మంచం. నిజం చెప్పాలంటే ఇదీ బోనే, కాకపోతే దీనికి గుమ్మం వీధిలోకి ఉంది.

నువ్వు కిటికీ లేని గదిలో కూర్చుని ఏప్రిల్ కోసం ఎదురుచూస్తున్నావు. ఆ సంఘం వాళ్ళ ముందు నీ తప్పు ఒప్పుకుంటావు, వాళ్ళు తల ఊపుతారు. దానివల్ల ఎవరికి ఒరుగుతుంది? మెట్లు దిగడం మానేసి నొప్పి లేదని చెప్పినవాళ్ళు నాలా ఇంకెంతమంది ఉన్నారు? ఆ మాట వాళ్ళ చేత అనిపించింది నువ్వే. నన్ను తాళాలు, నియమాలు అని భయపెట్టకు. సెలవు పెట్టు. నర్సమ్మ ఈ నెలాఖరుకి రిటైరవుతుంది, దారి చూపిస్తానంది, ఆవిడ ఫారాలు నింపిన ఇళ్ళన్నీ ఆవిడకి గుర్తే. ఒక్కో గుమ్మానికీ వెళ్ళి, చివరిసారి ఎప్పుడు దిగావమ్మా అని అడుగు. వాళ్ళు నీకోసం కిందికి రాలేరు. నువ్వే ఎక్కాలి. నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి కదా.

వదిన